అవ్వ ఇల్లు అమ్మ పేరు మీదికి: అంబత్తూరు పక్కన పాత ఊళ్ళో పట్టా మార్పు, నా అనుభవం

మా అవ్వ పేరు మీదున్న ఇల్లు ఈ మధ్యే అమ్మ పేరు మీదికి వచ్చింది, పట్టాతో సహా. చెన్నైలో అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్ చుట్టూ కొరట్టూరు, పాడి, మన్నూర్‌పేట, అత్తిపట్టు, పట్టరవాక్కం లాంటి పాత ఊళ్ళు ఉన్నాయి, వాటిలో ఒకటి మాది. ఇక్కడ తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి, చాలామంది ఇళ్ళ కాగితాలు ఇంకా పోయిన పెద్దల పేర్ల మీదే ఉన్నాయి. మా పని అయిందని తెలిసినప్పటి నుంచి "ఎట్లా చేశారక్కా, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఒకచోట రాస్తే మేలనిపించింది. నేను ఎస్టేట్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, వకీలును కాను. మా ఇంటికి ఏం జరిగిందో అదే రాస్తున్నాను, మీ ఇంటి సంగతి మీ వకీలుతో సరిచూసుకోండి.

ముందు ఊరి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ కాగితాల చిక్కు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. మా తాత చెరువు కింద కౌలుకు వరి పండించేవాడు. అంబత్తూరు చెరువు నిండితే నీళ్ళు కొరట్టూరు చెరువుకి, అక్కడినుంచి రెట్టేరికి పోయేవి, ఆ వరుసలో ఉన్న ఊళ్ళన్నీ వ్యవసాయం మీద బతికినవే. 1950ల మొదట్లో అంబత్తూరులో సైకిళ్ళ ఫ్యాక్టరీ వచ్చింది, తర్వాత డన్‌లప్ టైర్ల ఫ్యాక్టరీ, పాడిలో టీవీఎస్ వాళ్ళ ఫ్యాక్టరీలు, 1964లో ఇండస్ట్రియల్ ఎస్టేట్. మా నాయన తరానికి వచ్చేసరికి మా వీధిలో నాగలి పట్టినవాళ్ళు లేరు, అందరూ షిఫ్టులకు పోయేవాళ్ళే. మా నాయన కూడా సైకిళ్ళ ఫ్యాక్టరీలోనే చేరాడు, అక్కడే రిటైర్ అయ్యాడు. ఇప్పుడు డన్‌లప్ లేదు, కానీ బస్ స్టాప్ పేరు డన్‌లప్పే. పొలాలు ప్లాట్లయ్యాయి, చెరువు కాలువల్లో ఫ్యాక్టరీల నీళ్ళు, డ్రైనేజీ నీళ్ళు కలిశాయి, కొరట్టూరు చెరువు కోసం జనం గ్రీన్ ట్రైబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ చెరువులో ఈత నేర్చుకున్నవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, అందుకని దాని మాట వస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఊరు ఇట్లా మారుతూ ఉంటే పైన పాలన కూడా మారుతూ వచ్చింది. అవ్వ ఇల్లు కొన్నప్పుడు మా ఊరు చెంగల్పట్టు జిల్లా, సైదాపేట తాలూకా. తర్వాత అంబత్తూరు తాలూకా. 1997లో తిరువళ్ళూరు జిల్లా. 2011లో అంబత్తూరు మునిసిపాలిటీ మొత్తం చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది, ఏడో జోన్ అయింది. 2018లో తాలూకా కూడా చెన్నై జిల్లాలోకి వచ్చింది. ఇల్లు అంగుళం కూడా కదల్లేదు, కానీ మా ఇనప్పెట్టెలో ఉన్న కాగితాలు చూస్తే మూడు జిల్లాల పేర్లు, రెండు తాలూకాలు, పంచాయతీ రసీదులు, మునిసిపాలిటీ రసీదులు, కార్పొరేషన్ రసీదులు. ఇవన్నీ ఒకే ఇంటివి అని ఆఫీసులో ఒప్పించడమే మేం చేసిన పనిలో సగం.

అసలు మార్చాలని ఎందుకు అనుకున్నామంటే, ఇల్లు పడిపోయేలా ఉంది. పాత పెంకుటిల్లు, వెనక గది గోడ వానాకాలంలో ఉబ్బిపోతోంది. అమ్మ ఒక్కతే ఉంటుంది. నేను ఆవడిలో, తమ్ముడు హోసూరులో. కొత్తగా కట్టుకుందామంటే బ్యాంకువాళ్ళు పట్టా అడుగుతారు, ప్లాన్ అప్రూవల్‌కి పట్టా కావాలి. 2024 జూలై నుంచి తమిళనాడులో 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 చదరపు అడుగుల లోపు ఇంటికి సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద ఆన్‌లైన్లోనే అనుమతి ఇస్తున్నారు, ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. మా స్థలం ఆ లెక్కలోనే వస్తుంది. కానీ దానికీ మొదట అప్‌లోడ్ చేయాల్సింది పట్టానే.

సరే, ఆన్‌లైన్లో చూద్దామని కూర్చున్నాం. మా ఏరియాకి టౌన్ సర్వే అయిపోయింది కాబట్టి పాత సర్వే నంబర్ పనిచేయదు, వార్డు, బ్లాక్, టీ.ఎస్. (టౌన్ సర్వే) నంబర్ కావాలి. పక్కింటివాళ్ళ నంబర్ పట్టుకుని మాది కనుక్కుని ఎక్స్‌ట్రాక్ట్ (రికార్డు నకలు) తీస్తే, యజమాని పేరుండాల్సిన చోట "సర్కార్ పోరంబోకు" అని ఉంది. వివరం దగ్గర నత్తం అని ఉంది. అమ్మకి చదివి వినిపించాను, ఆమె ముఖం చూడలేకపోయాను. పెళ్ళై వచ్చినప్పటి నుంచి కాపురమున్న ఇల్లు సర్కారుది అంటే ఎవరికైనా అట్లాగే ఉంటుంది.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఇదే కనబడితే కంగారు పడకండి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. గ్రామ నత్తం అంటే పాతకాలం నుంచి జనం ఇళ్ళు కట్టుకుని ఉంటున్న ఊరి స్థలం. పొలాలకు శిస్తు ఉండేది కాబట్టి వాటికి పట్టాలుండేవి, నత్తానికి శిస్తు లేదు కాబట్టి అప్పట్లో పట్టా కూడా లేదు. నత్తంలో ఇల్లున్నవాళ్ళది ఆ స్థలం, అది సర్కారు పోరంబోకు కాదు అని మద్రాసు హైకోర్టు చాలా తీర్పుల్లో చెప్పింది. 1905 నాటి ఆక్రమణల చట్టంలోనే ఇళ్ళ స్థలాల యజమానులను మినహాయించారు. తర్వాత నత్తం సర్వే చేసి, ఎవరింట్లో ఎవరున్నారో రాసుకుని "తోరాయ పట్టా" అని ఇచ్చారు, తాత్కాలిక పట్టా అనుకోవచ్చు. చాలా ఊళ్ళలో ఆ నత్తం రికార్డుకీ టౌన్ సర్వే రికార్డుకీ లంకె పడలేదు. అందుకని రికార్డులో పోరంబోకు అని ఉన్నంత మాత్రాన ఇల్లు పోయినట్టు కాదు. కానీ మన దగ్గర ఆధారాలుంటేనే ఆ మాట మార్చగలరు.

మాకు ఆధారాలున్నాయి, అదంతా అవ్వ చలవే. చదువుకోకపోయినా ఒక్క కాగితం పారేయలేదు. ఇనప్పెట్టెలో పసుపు గుడ్డలో కట్టి పెట్టిన మూట విప్పితే 1952 నాటి క్రయపత్రం దొరికింది, తెలుగులో రాసింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం విడిపోలేదు, ఈ చుట్టుపక్కల పత్రాలు తెలుగులోనూ రాసేవాళ్ళు. అవ్వ కొత్త పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన డబ్బుతో, అవ్వ పేరు మీదే కొన్నారు. ఆ రోజుల్లో ఆడపిల్ల పేరు మీద స్థలం రాయించారంటే మా ముత్తాత ఎంత ముందుచూపు ఉన్న మనిషో! పత్రంతో పాటు తోరాయ పట్టా, పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, మొదటిసారి కరెంటు పెట్టించినప్పటి డిపాజిట్ రసీదు అన్నీ ఉన్నాయి.

పత్రంలో కొలతలు రాసిన చోటే చెదలు తిన్న రంధ్రం పడింది. అందుకని రిజిస్ట్రేషన్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టాం. రిజిస్టరైన పత్రాల నకళ్ళు ఆఫీసులో ఒకటో పుస్తకం అనే రికార్డులో ఉంటాయి, నంబర్, సంవత్సరం తెలిస్తే వెతికి ఇస్తారు. అది చేతికొచ్చాక తమిళంలోకి తర్జుమా చేయించి నోటరీ పెట్టించాం. మీ ఇంట్లో ఇట్లాంటి తెలుగు పత్రం ఉంటే, చదవగలిగే పెద్దవాళ్ళ చేత ముందే ఒకసారి చదివించి పెట్టుకోండి. ఆ కాలపు గొలుసు రాత ఇప్పటివాళ్ళకి తేలిగ్గా అందదు. అవ్వ దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్న నేనే కొన్ని పదాల దగ్గర ఆగిపోయాను. "జాస్తి కమ్మీలతో సహా" (ఎక్కువ తక్కువలతో కలిపి) లాంటి మాటలు మా పెద్ద మేనత్తకి చదివి వినిపిస్తే అర్థం చెప్పింది.

తర్వాతది వారసుల సర్టిఫికెట్. అవ్వ 2020లో పోయింది. నాయన అంతకు ఆరేళ్ళ ముందే పోయాడు. తాత ఎప్పుడో పోయాడు. అవ్వ డెత్ సర్టిఫికెట్, నాయన డెత్ సర్టిఫికెట్, అందరి ఆధార్, రేషన్ కార్డు పెట్టి ఇ-సేవ సెంటర్లో అప్లై చేశాం. ఫీజు 60 రూపాయలు. వీఏఓ (గ్రామ పరిపాలనాధికారి), ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వచ్చి పక్కవాళ్ళను విచారించి పైకి రాస్తే తాసిల్దార్ ఇస్తారు. పోయి ఏళ్ళు గడిచేకొద్దీ ఇది కష్టమవుతుంది, బాగా ఆలస్యమైతే కోర్టుకి పొమ్మంటారు, కాబట్టి ఇంటి పని ఇప్పుడే లేకపోయినా ఈ సర్టిఫికెట్ మాత్రం తీసి పెట్టుకోండి.

సర్టిఫికెట్ వచ్చింది. అందులో పెద్దత్త, చిన్నత్త, చిన్నాయన, నాయన తరఫున నేను, తమ్ముడు. అమ్మ పేరు లేదు.

తప్పు పడిందేమోనని వకీలును అడిగాను. తప్పేం లేదమ్మా, చట్టమే అది, అన్నాడు. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆడమనిషి వీలునామా రాయకుండా పోతే ఆమె ఆస్తి కొడుకులకు, కూతుళ్ళకు, ముందే చనిపోయిన కొడుకు లేదా కూతురి పిల్లలకు, భర్తకు వస్తుంది. ముందే చనిపోయిన కొడుకు భార్యకు ఆ వరుసలో రాదు. మగవాడి ఆస్తి అయితే వస్తుంది, అత్తగారి ఆస్తి అయితే రాదు. అవ్వ చివరి నాలుగేళ్ళు మంచంలోనే ఉంది. అన్నం కలిపి పెట్టింది, ఒళ్ళు తుడిచింది, రాత్రిళ్ళు లేచి పక్క మార్చింది అమ్మ. ఆ ఇంట్లో అమ్మకి కాగితం మీద అడుగు జాగా లేదు. ఈ సెక్షన్ మారాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఎవరైనా అత్తగారు ఇది చదువుతూ ఉంటే, మీ కోడలు మిమ్మల్ని చూసుకుంటూ ఉంటే, దయచేసి ఒక వీలునామా రాయండి, లేదా ఉండగానే సెటిల్‌మెంట్ పత్రం రాసి ఆమె పేరు మీదికి ఇచ్చేయండి.

నేనూ తమ్ముడూ ముందే అనుకున్నాం, ఇల్లు అమ్మ పేరు మీదే ఉండాలని. కానీ అత్తలకీ చిన్నాయనకీ సమాన వాటాలున్నాయి. వాళ్ళ వాటా వదులుకోమని అడగడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే ఇక్కడ స్థలం ధర ఇప్పుడు ఎట్లా ఉందో అందరికీ తెలుసు. ఎస్టేట్ పక్కన, రైల్వే స్టేషన్‌కి నడిచిపోయే దూరం. ఒక బ్రోకర్ అయితే చిన్నాయన నంబర్ సంపాదించి గుమ్మిడిపూండి దాకా పోయి మాట్లాడి వచ్చాడట, మీ వాటా నాకు రాసివ్వండి, మిగతాది నేను చూసుకుంటానని. చిన్నాయన అతన్ని వాకిట్లోంచే పంపించేశాడు.

పెద్దత్త తిరుత్తణిలో ఉంటుంది. ఆమెకు డెబ్బై దాటాయి. మొదట ఆమె దగ్గరికే పోయాం. విషయం ఎట్లా ఎత్తాలా అని నేను నసుగుతూ ఉంటే ఆమే అడిగింది, "ఏమే, ఇంటి సంగతేనా? మీ అమ్మ పేరు మీదికి మారస్తా ఉండారా లేదా?" అంది. సర్టిఫికెట్లో అమ్మ పేరు రాలేదని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అమ్మకి నేను కూతుర్నని పేరుకే గానీ కూతురు పని చేసింది మీ అమ్మ. ఏడ సంతకం పెట్టాలో చెప్పు, వస్తా" అంది. ఒక్కటే అడిగింది, ఆడి నెలలో (తమిళుల ఆషాఢం) గంగమ్మకి అంబలి పోసేటప్పుడు తనకు ఆ ఇంట్లో దిగే హక్కు ఉండాలని. అది కాగితంలో రాయించాలా అత్తా అని తమ్ముడు అడిగితే, "మీ అమ్మ నోటి మాట చాలు" అంది. నగరిలో ఉన్న చిన్నత్త ఫోన్లోనే ఒప్పుకుంది, కానీ మామయ్య కొంచెం తటపటాయించాడు. అది సహజమే, వాళ్ళకీ పిల్లలున్నారు. మేం పోయి కూర్చుని, ఎవరి వాటా ఎంతో, విలువ ఎంతో దాచకుండా కాగితం మీద రాసి చూపించాం. అన్నీ తెలిసి ఇచ్చేదే ఇవ్వడం అని మా ఇద్దరికీ అనిపించింది. చిన్నత్త ఆ కాగితం చూసి మడిచి మామయ్య చేతికిచ్చి, "చూసినావు కదా, ఇంక పెట్టు" అంది.

ఇప్పుడు పత్రాల సంగతి. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. విడుదల పత్రం అంటే ఉమ్మడి హక్కుదారులు తమలో ఒకరికి తమ వాటా వదలడం. అమ్మ హక్కుదారే కాదు కాబట్టి అత్తలు, చిన్నాయన నేరుగా అమ్మకి విడుదల రాయడానికి లేదు. అందుకని వాళ్ళు ముగ్గురూ నాకూ తమ్ముడికీ విడుదల రాశారు, తర్వాత మేమిద్దరం అమ్మకి సెటిల్‌మెంట్ రాశాం. రెండు పత్రాలు, రెండు ఖర్చులు. 2023 జూలై నుంచి తమిళనాడులో కుటుంబ సభ్యుల మధ్య రాసే సెటిల్‌మెంట్, విడుదల, పంపకం పత్రాలకు స్టాంపు గరిష్ఠంగా 40,000, రిజిస్ట్రేషన్ ఫీజు గరిష్ఠంగా 10,000. అంతకు ముందు 25,000, 4,000 ఉండేవి. కుటుంబం అంటే ఎవరెవరు అనేది చట్టంలో రాసి ఉంటుంది, మేనత్త, మేనకోడలు లాంటి వరుసల దగ్గర ఆ లెక్క ఎట్లా పడుతుందో పత్రం రాయకముందే డాక్యుమెంట్ రైటర్‌ని, రిజిస్ట్రార్ ఆఫీసును రెండు చోట్లా అడిగి తేల్చుకోండి. చేతిలో డబ్బు దానికి తగ్గట్టు పెట్టుకోవచ్చు.

పత్రం రాయాలంటే హద్దులు కావాలి. ఈ పని మొత్తంలో నేను ఎప్పటికీ మరచిపోలేనిది ఇదే.

1952 పత్రంలో చెక్కుబందీ ఇట్లా ఉంది: తూర్పు, ఫలానా వారి పశువుల కొట్టం. పడమర, చెరువు కాలువకు పోయే బండి బాట. ఉత్తరం, గంగమ్మ గుడి ఖాళీ స్థలం. దక్షిణం, ఫలానా వారి ఇల్లూ పెరడూ. తూర్పు పడమర 30 అడుగులు, ఉత్తర దక్షిణాలు 68 అడుగులు. ఇప్పుడు పోయి చూస్తే తూర్పున నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్, పడమర సిమెంట్ రోడ్డు, దానికి అవతల రబ్బరు వాషర్లు చేసే షెడ్డు, దక్షిణాన అద్దె గదుల మేడ. ఒరిస్సా, బీహార్ నుంచి వచ్చి ఎస్టేట్‌లో పనిచేసే పిల్లలు ఉంటారు అందులో. గంగమ్మ గుడి ఒక్కటే ఉంది, అదీ గోపురం, గ్రిల్లు వచ్చి మారిపోయింది, ఖాళీ స్థలం చాలావరకు లేదు. కొలతలు తీయడానికి వచ్చిన సర్వేయర్ పత్రం చూసి, ఈ పశువుల కొట్టం ఎవరిదో, ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉందో చెప్పగలిగేవాళ్ళు ఉన్నారా అని అడిగాడు.

ఉన్నారు, మా వీధి చివర ఒక పెద్దాయన. తొంభైకి దగ్గర. నాయనకంటే పెద్దవాడు, తాతతో కలిసి మడవ కట్టినవాడు. కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చాం. కళ్ళు సరిగా కనబడవు, కానీ నేల ఆయనకు తెలుసు. గుడి ధ్వజం దగ్గర నిలబెట్టమన్నాడు, అక్కడినుంచి కర్రతో చూపిస్తూ చెప్పుకుంటూ పోయాడు. కొట్టం ఎవరిది, వాళ్ళు ఎవరికి అమ్మారు, వాళ్ళు బిల్డర్‌కి ఎప్పుడిచ్చారు, బండి బాట ఎంత వెడల్పుండేది, ఎక్కడ వంపు తిరిగేది, అన్నీ. సర్వేయర్ ఓపికగా రాసుకున్నాడు. ఆయన చెప్పిన వరుస ప్రకారం ఈసీలు (స్థలం మీద రిజిస్టరైన పత్రాల జాబితాలు) తీస్తే అపార్ట్‌మెంట్ మూలపత్రంలోనూ "పడమర ఫలానా అమ్మ ఇల్లు" అని మా అవ్వ పేరే హద్దుగా ఉంది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది. పక్కవాడి కాగితంలో మన పేరుంటే దాన్ని ఎవరూ కాదనలేరు. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి, మీ పత్రం బలహీనంగా ఉంటే చుట్టూ నాలుగు పక్కలవాళ్ళ పాత పత్రాల్లో హద్దులు చూడండి.

కొలిస్తే ఉత్తర దక్షిణాలు 68 బదులు 65 అడుగులే వచ్చింది. టౌన్ సర్వే రికార్డులో ఉన్న 181 చదరపు మీటర్లకు అది సరిపోతుంది, పత్రం ప్రకారం అయితే దాదాపు 189.5 ఉండాలి. ఆ మూడడుగులు ఎక్కడ పోయాయని నేను తలబద్దలు కొట్టుకుంటూ ఉంటే అమ్మ చెప్పింది, గుడి పక్క సందులో కాలువ కట్టినప్పుడు మా ఇంటి ముందరి అరుగు కొట్టేశారని. నేను చిన్నప్పుడు ఆ అరుగు మీదే హోంవర్క్ చేసుకునేదాన్ని. పత్రాల్లో ఇప్పుడున్న కొలతే, అంటే 181 చదరపు మీటర్లే రాయించాం. పాత కొలత రాస్తే పట్టా దగ్గర మళ్ళీ ఆగుతుంది, పోయిన అరుగు ఎట్లాగూ తిరిగి రాదు.

పేర్ల దగ్గర ఇంకో ఆలస్యం. తెలుగు పత్రంలో అవ్వ పేరు చివర "అమ్మ", తోరాయ పట్టాలో తమిళంలో "అమ్మాళ్", ఆధార్‌లో అది కూడా లేదు. తాత పేరుకు ఒకచోట నాయుడు ఉంది, ఒకచోట లేదు. పత్రంలో ఇంటిపేరుంది, తమిళ కాగితాల్లో తండ్రి పేరు పొడి అక్షరం ఉంది. మన తెలుగోళ్ళకి ఇక్కడ ఇది ప్రతి ఇంట్లో ఉండేదే. ఈ పేర్లన్నీ ఒకే మనిషివి అని అఫిడవిట్ రాయించి, పాత రేషన్ కార్డు, ఓటరు జాబితా జత చేశాం. మీ పిల్లల పేర్లయినా అన్ని కాగితాల్లో ఒకేలా ఉండేట్టు చూసుకోండి.

రిజిస్ట్రేషన్ రోజు అందరూ వచ్చారు. పెద్దత్త తెల్లవారుజామున లోకల్ ట్రైన్ ఎక్కి వచ్చింది, వద్దన్నా వినకుండా. ఫోటోలు, వేలిముద్రలు. పెద్దత్త వేలిముద్ర మెషీన్లో పడలేదు, పొలం పనులు చేసిన వేళ్ళు అరిగిపోయాయి, ఐరిస్‌తో అయింది. బయటకొచ్చాక అందరం హోటల్లో టిఫిన్ చేశాం. అమ్మ సరిగ్గా తినలేకపోయింది, అత్తల చేతులు పట్టుకుని కూర్చుంది.

తర్వాత పట్టా. ఇప్పుడు రిజిస్ట్రేషన్ అయిన వెంటనే పట్టా దానంతట అదే మారే పద్ధతి ఉంది, కానీ రాసిచ్చినవాళ్ళ పేరూ రికార్డులో ఉన్న పేరూ ఒకటైతేనే. మా రికార్డులో పోరంబోకు అని ఉంది కాబట్టి మాకు వర్తించలేదు. విడిగా దరఖాస్తు పెట్టి, దానితో 1952 పత్రం నకలు, తర్జుమా, తోరాయ పట్టా, నత్తం అడంగల్ (నత్తం స్థలాల రికార్డు), పన్ను రసీదులు, వారసుల సర్టిఫికెట్, రెండు కొత్త పత్రాలు, అఫిడవిట్, అన్నీ ఒక వరుసలో పెట్టి పైన ఒక పేజీలో ఏ కాగితం ఏ సంవత్సరంది, దేనికి రుజువు అని రాసి ఇచ్చాను. అకౌంట్స్ పని అలవాటు ఇక్కడ పనికొచ్చింది. పాత నత్తం సర్వే నంబర్‌కీ కొత్త టీ.ఎస్. నంబర్‌కీ సంబంధం చూపించే కోరిలేషన్ స్టేట్‌మెంట్ కూడా అడిగారు. దాన్ని మొదటే అడిగి తీసుకుంటే సమయం మిగులుతుంది. ఫీల్డ్ తనిఖీకి వచ్చిన సర్వేయర్ మళ్ళీ కొలిచాడు, పెద్దాయన వాంగ్మూలం కూడా రాసుకున్నాడు. ఆ తర్వాత ఎదురుచూడటమే. మధ్యలో "మేం తొందర చేయిస్తాం" అని వచ్చిన మనుషులున్నారు, వాళ్ళకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఫైలు నంబర్ రాసి పెట్టుకుని ఆన్‌లైన్లో స్టేటస్ చూసుకుంటూ, అవసరమైనప్పుడు పోయి మర్యాదగా అడిగితే సమాధానం చెప్పారు.

ఉత్తర్వు వచ్చింది. ఆన్‌లైన్లో ఎక్స్‌ట్రాక్ట్ తీస్తే పోరంబోకు ఉన్న చోట అమ్మ పేరు, పక్కన నాయన పేరు. ప్రింటు తీసుకుపోయి అమ్మకిచ్చాను. ఇల్లు మొత్తం ఆమెదేనా, అత్తలకి ఏమీ లేకుండా పోయిందా అని అడిగింది. ఆడి నెల మాట గుర్తుచేశాను. "అదెట్లాగూ ఉంటుంది" అంది.

తర్వాతి పనులు తేలికగానే అయ్యాయి. పట్టా, సెటిల్‌మెంట్ పత్రం పెడితే ఆస్తిపన్ను పేరు మారింది, కరెంటు కనెక్షన్ పేరు మారింది. మెట్రో వాటర్ది ఇంకా నడుస్తోంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. మాకు సాయం చేసిన ఆ పెద్దాయన తోటివాళ్ళు మా ఊళ్ళో ఇంక ఇద్దరో ముగ్గురో ఉన్నారు. మేం వాళ్ళ దగ్గర కూర్చుని మా వీధి మొత్తానికీ పాత హద్దులు ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాం, ఏ ఇల్లు ఎవరిది, ఎవరికి మారింది, బావులు ఎక్కడుండేవి, కాలువ ఎటు పోయేది అని. పక్క ఇళ్ళవాళ్ళు కూడా తమ పత్రాలు తెచ్చి సరిచూసుకుంటున్నారు. మీ ఊళ్ళోనూ అట్లాంటి పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే పోయి కూర్చోండి, ఫోన్లో రికార్డ్ చేయండి. టౌన్ సర్వే మ్యాపులో బండి బాట ఉండదు, వాళ్ళు చెబితేనే తెలుస్తుంది.

ఇంజనీర్ ప్లాన్ గీస్తున్నాడు. కింద రెండు గదులు, పైన ఒకటి. సెల్ఫ్ సర్టిఫికేషన్‌లో పెడతాం. అమ్మ కోరినవి రెండే, మెట్లు లోపలే ఉండాలి, ముందర అరుగు ఉండాలి. మూడడుగులు పోయిన స్థలంలో అరుగు ఎట్లా వస్తుందా అని ఇంజనీర్ లెక్కలు వేస్తున్నాడు. వాన్లు మొదలయ్యేలోపు పునాది పడాలని మా తొందర.